చీలమండకు కూడా చదువు కావాలి



ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు మా 9వ తరగతిది. నేను చీలమండ గురించి రాస్తున్నాను. ఎందుకంటే మన హాస్టల్లో పొద్దున పూట కొత్త వ్యాయామం క్లాసు మొదలైంది కదా. తాడాట, ఎగరడం, అటూ ఇటూ పరుగు, చివర్లో కబడ్డీ. మొదటి వారంలోనే వేపచెట్టు కింద కూర్చునే వాళ్ళ వరుస పెరిగిపోయింది. అడిగితే ఒకటే మాట. "నా కాలు ఊరికే మడత పడతది, నేను రాను." అందులో నిరుడు బాగా ఆడిన వాళ్ళు కూడా ఉన్నారు. ఒకసారి కాలు బెణికింది, కూర్చున్నారు, ఇక లేవలేదు.

కూర్చుంటే చీలమండ బాగుపడతది అనుకుంటున్నారు. బాగుపడదు, ఇంకా బలహీనం అవుతది. ఎందుకో చెప్తాను.

ముందు మీ చీలమండను మీరే పట్టుకుని చూడండి. రెండు పక్కలా రెండు గుబ్బలు ఉంటాయి. లోపలి గుబ్బ అంతర్జంఘిక అనే ఎముక చివర. బయటి గుబ్బ బహిర్జంఘిక చివర. రెండింటి కొనల మీద రెండు వేళ్ళు పెట్టండి. బయటిది కొంచెం కిందికి ఉంది కదా! పక్కన నేను గీసిన బొమ్మలో కూడా అట్లాగే ఉంది. పాదం బయటికి తిరగబోతే ఆ ఎముక అడ్డం వస్తది. లోపలికి తిరగబోతే అంత అడ్డం ఉండదు. అందుకే మనకు కాలు దాదాపు ఎప్పుడూ లోపలికే మడత పడతది, వాపు బయటి పక్క వస్తది.

ఎముకలను కట్టి ఉంచే పట్టీలను సంధిబంధనాలు అంటారు. లోపలి పక్క ఉన్నది వెడల్పుగా, చాలా గట్టిగా ఉంటది. బయటి పక్క 3 విడివిడిగా ఉంటాయి. వాటిలో ముందు ఉన్నది అన్నిటి కంటే బలహీనం. బెణికినప్పుడు ఎక్కువసార్లు దెబ్బ తినేది అదే. ఇంకొక సంగతి, మునివేళ్ళ మీద లేచినప్పుడు చీలమండ సంధి వదులుగా ఉంటది. తాడాటలో మనం దిగేది మునివేళ్ళ మీదే. కాబట్టి తాడాట తేలిక అనుకుని మొదటిరోజే వంద ఎగరకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. సంధిబంధనం తాడు లాంటిది మాత్రమే కాదు. దాని లోపల సన్నటి నరాల కొసలు ఉంటాయి. పాదం ఎటు వంగిందో అవి మెదడుకు కబురు పంపిస్తాయి. కబురు అందగానే పిక్కకు బయటి పక్క ఉన్న కండరాలు పాదాన్ని బయటికి లాగి నిలబెడతాయి. ఇదంతా మనం ఆలోచించేలోపే అయిపోతది. బెణికినప్పుడు తాడుతో పాటు ఆ నరాలకు కూడా దెబ్బ తగులుతది. వాపు పోయాక కూడా కబురు ఆలస్యంగా అందుతది, కండరం ఆలస్యంగా లేస్తది, మళ్ళీ మడత పడతది. 1965లో ఇంగ్లండులో ఫ్రీమన్ అనే డాక్టరు ఈ విషయం రాశాడు. కదిలే చెక్క మీద నిలబడడం నేర్పిస్తే కాలు మడత పడడం తగ్గుతది అని కూడా చెప్పాడు. అంటే చీలమండకు బలం ఒక్కటే చాలదు, చదువు కూడా కావాలి.

మా ఊర్లో వాగు రాళ్ళ మీద, పొలం గట్ల మీద, అడవి బాటల్లో నడుస్తాము. అడుగు అడుగుకీ నేల మారతది కాబట్టి పాదానికి రోజంతా బడే. ఇక్కడ చాంద్రాయణగుట్టలో పేరుకు గుట్ట ఉంది కానీ మనం నడిచేది సిమెంటు మీద, హవాయి చెప్పులతో. ఐదో తరగతి నుంచి హాస్టల్లో ఉన్నాక పాదం ఆ చదువు కొంత మర్చిపోయి ఉంటది అని నా అభిప్రాయం. (మన పక్కనే ఉన్న బార్కస్ పేరు బ్యారక్స్ అనే మాట నుంచి వచ్చింది. నిజాం కాలంలో అక్కడ అరబ్బు సిపాయిలు ఉండేవాళ్ళు. వాళ్ళు డ్రిల్లు చేసిన చోటికి దగ్గర్లో ఇప్పుడు మనం చేస్తున్నాము.)

చదువు ఎట్లా చెప్పాలంటే, పొద్దున కుళాయి దగ్గర లైనులో పళ్ళు తోముకుంటాము కదా, అప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. ఒక కాలు 30 సెకన్లు, తర్వాత రెండోది. మొదట్లో పక్కనున్న అమ్మాయి భుజం పట్టుకోండి. మా కోయవాళ్ళ రేలా ఆటలో ఒకరినొకరు పట్టుకుని వరుసగా అడుగు వేస్తాము, అట్లాగే అనుకోండి. తర్వాత వదిలేసి నిలబడండి. అది వచ్చాక కళ్ళు మూసుకోండి. కళ్ళు మూస్తే పాదం ఎట్లా వణుకుతదో చూడండి, నవ్వు వస్తది. ఆ వణుకే పాఠం. తడి నేల మీద మాత్రం చేయకండి, కుళాయికి దూరంగా జరగండి.

రాత్రి స్టడీ అవర్ అయ్యాక మంచం మీద కూర్చుని ట్రంకుపెట్టెకు పాదం బయటి అంచు ఆనించి నెట్టండి. 5 లెక్కపెట్టి వదలండి, 10 సార్లు. పెట్టె కదలకూడదు, పుస్తకాలు నింపి ఉంచండి. పిక్క బయటి పక్క చెయ్యి పెడితే కండరం గట్టిపడడం తెలుస్తది. మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా పైకి లేపి, ఇంకా మెల్లగా దించడం కూడా మంచిది. కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయడం ఇంకొకటి. మన తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతది. అక్షరాలు కాలితో రాస్తే పాపం అని మా రూములో ఒక అక్క అన్నది. ఆమె మాట కూడా నిజమే అనిపించి నేను సున్నాలు, ముగ్గు చుక్కలు మార్చుకున్నాను. మీ ఇష్టం.

ఇది రోజూ చేస్తే 6 వారాలకు తేడా తెలుస్తది. అప్పటిదాకా క్లాసు మానొద్దు, తగ్గించుకోండి. మొదట రెండు కాళ్ళతో ఎగిరి రెండు కాళ్ళ మీద దిగడం, మోకాళ్ళు కొంచెం వంచి, చప్పుడు రాకుండా. తర్వాత ఒంటికాలి దూకుడు, ఆ తర్వాత పక్కకు పరుగు. కబడ్డీ చివర. కబడ్డీలో చీలమండ పట్టి లాగుతారు, అది మామూలు ఆట కాదు. నొప్పి లేకుండా ఒంటికాలి మీద 10 సార్లు గెంతగలిగిన వాళ్ళే కూతకు వెళ్ళాలి. హవాయి చెప్పులతో ఎవరూ ఎగరొద్దు. బూట్లు లేకపోతే రాళ్ళు ఏరిన మట్టి నేల మీద ఉత్త కాళ్ళే నయం. ఇంతకుముందు బెణికిన వాళ్ళు కొన్ని నెలలు ఆటలో గట్టి యాంక్లెట్ వేసుకుంటే మళ్ళీ బెణకడం తగ్గుతది.

ఒకవేళ బెణికితే? గుబ్బ ఎముక వెనక అంచున గానీ, కొన మీద గానీ నొక్కితే నొప్పి పుట్టినా, 4 అడుగులు వేయలేకపోయినా వార్డెన్ మేడం గారికి వెంటనే చెప్పి ఎక్సరే తీయించాలి. పాదం బయటి అంచున మధ్యలో ఉన్న ఎముక మీద గానీ, లోపలి పక్క పాదం వంపు పైన ఉన్న ఎముక మీద గానీ నొక్కితే నొప్పి ఉన్నా అంతే. 1992లో కెనడాలోని ఒట్టావాలో డాక్టర్లు పెట్టిన గుర్తులు ఇవి. ఇవేవీ లేకపోతే మెత్తని పట్టీ చుట్టి కాలు ఎత్తులో పెట్టుకోవాలి. మన ఇళ్ళలో కాలు పట్టి లాగుతారు, నూనె పోసి గట్టిగా తోముతారు. మొదటి రెండు మూడు రోజులు అది వద్దు, లోపల వాపు ఎక్కువవుతది. చింతపండు ఉప్పు పట్టు గోరువెచ్చగా వేస్తే వేయండి, కానీ కాలే పట్టు వద్దు, సున్నం అసలు వద్దు, చర్మం పొక్కుతది. ఐసు పెడితే నొప్పి తగ్గుతది. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే పద్ధతికి 1978లో పేరు పెట్టిన అమెరికా డాక్టరు మిర్కిన్, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చు అని 2014లో తనే రాశాడు. కాబట్టి ఒకటి రెండు రోజుల తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మెల్లగా నడక మొదలుపెట్టాలి. నెల రోజులు వేపచెట్టు కింద కాదు.

నేను ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామందికి ఉద్యోగం అంటే పోలీసు, ఫారెస్టు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి ఆడవాళ్ళు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. అడవి మనకు తెలుసు. మా తాత ముత్తాతలు అక్కడే నడిచారు. చీలమండ వల్ల ఆ నడకలో ఆగిపోతే నాకైతే ఏడుపొస్తది. మలావత్ పూర్ణ మనలాంటి గిరిజన అమ్మాయి, తాడ్వాయి గురుకులంలో చదివింది. 2014 మే 25న 13 ఏళ్ళ 11 నెలలకే ఎవరెస్టు ఎక్కింది. మొదట నేర్చుకున్నది మనకు దగ్గరలోని భువనగిరి రాతిగుట్ట మీద. ఆమె కూడా చిన్న గుట్టతోనే మొదలుపెట్టింది.

వార్డెన్ మేడం గార్లకు, పీఈటీ మేడం గారికి ఒక మనవి. కాలు నొప్పి అన్న వాళ్ళను పక్కన కూర్చోబెట్టకుండా, వరుస చివర వాళ్ళకు వేరే పని ఇవ్వండి. ఒంటికాలి నిలబాటు, మడమలు లేపడం, అంతే. అందరితో పాటు విజిల్ వింటూ ఉంటే వాళ్ళు క్లాసులో ఉన్నట్టే ఉంటది. గ్రౌండులో తాడాట ఆడే మూలన రాళ్ళు ఎక్కువ ఉన్నాయి. శనివారం శ్రమదానంలో మా 9వ తరగతి వాళ్ళం ఏరుతాము, గంప ఇప్పించగలరు.

ఈ కాగితం కింద ఒక తెల్ల కాగితం అంటించాను, దారంతో పెన్సిలు కట్టాను. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలబడ్డారో రాయండి. కుడి ఎంత, ఎడమ ఎంత వేరుగా రాయండి. పేరు అక్కర్లేదు, తరగతి చాలు. నాది కుడి 19, ఎడమ 7. వచ్చే నెల మళ్ళీ కొలుద్దాం. పెన్సిలు ఎవరూ పట్టుకుపోవద్దు.

– 9వ తరగతి విద్యార్థిని