గగనయానం – గణితం

ఏర్పేడుకు చేరువలోనే రేణిగుంట విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి హైదరాబాదుకు విమానం ఎంత దూరం ఎగరాలి? అట్లాసు తెరవండి. రేణిగుంట అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు, హైదరాబాదు విమానాశ్రయం ఉన్న శంషాబాదుది 17.2. తేడా 3.6. ఒక్కో డిగ్రీకి 111 కి.మీ. చొప్పున ఉత్తరానికి 400 కి.మీ. అయింది. శంషాబాదు పడమరకు కూడా సుమారు 120 కి.మీ. జరిగి ఉంది. ఈ రెండూ లంబకోణ త్రిభుజ భుజాలనుకుంటే కర్ణం 418 కి.మీ. అదే గగనమార్గం. రోడ్డు దూరం 500 దాటుతుంది.

గంటకు 800 కి.మీ. వేగంతో పోయే జెట్ విమానానికి ఇది 31 నిమిషాల దారి. కాని ప్రయాణానికి గంట పైనే పడుతుంది! ఎందుకని? రన్‌వే చేరేదాకా విమానం మెల్లగా కదలాలి. పైకెక్కేటప్పుడూ, దిగేటప్పుడూ వేగం తక్కువ. పూర్తి వేగం నడుమ కొద్దిసేపే. అందుకే ప్రయాణకాలానికి గరిష్ఠ వేగం కాదు, సగటు వేగం చూడాలి.

70 నిమిషాలు పడితే సగటు వేగమెంతో లెక్కకట్టండి!