స్టోరు గదిలో ఉన్న పాత కంప్యూటర్లు – వాటిని బాగుచేసే విధానం



ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం నా వంతు వచ్చింది. నేను పాత కంప్యూటర్లను గూర్చి రాస్తున్నాను. కొంచెం పెద్దగా వచ్చీసింది, అందుకని మూడు చార్టులు అయినాయి. నిలబడి చదవలేని వాళ్లు ఒక చార్టు ఈరోజు, మిగతావి రేపు చదవండి. చింపకండి.

మన స్టోరు గదిలో విరిగిన బెంచీల కింద మూడు కంప్యూటర్లు ఉన్నాయని అందరికీ తెలుసు. పండగలకి రంగు కాగితాలు తేవడానికి వెళ్లినప్పుడు వాటి మీద కాళ్లు పెట్టి ఎక్కినవాళ్లమే మనం. జూలై నెలలో పాత సామాన్లు కొనే ఆయన వచ్చి ఆ మూడింటినీ ఇనుముతో పాటు తూకానికి అడిగినాడు. మేడం ఇచ్చేద్దామనే అనుకున్నారు. అప్పుడు పి.ఎస్. సార్ "ఒక్క రెండు నెలలు ఆగండి మేడం, పిల్లలు విప్పి చూస్తారు" అన్నారు. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం భోజనాలు అయ్యాక మేం ఐదుగురం ఆ గదిలోనే ఉన్నాం. బట్టలు ఉతకడం ఎగ్గొడుతున్నామని కొందరు అన్నారు. అది నిజమే.

పాత కంప్యూటర్లను సేకరించి బాగుచేసుకోవడం అనేది లోకంలో చాలామందికి ఒక సరదా. స్టాంపులు, నాణేలు దాచుకున్నట్టే. అమెరికాలో మౌంటెన్ వ్యూ అనే ఊళ్లో కంప్యూటర్ల కోసమే ఒక పెద్ద మ్యూజియం కలదు. 1976లో స్టీవ్ వోజ్నియాక్ అనే ఆయన ఆపిల్-1 అనే కంప్యూటర్ తయారుచేశాడు. అలాంటివి ఇంచుమించు 200 మాత్రమే చేశారు. అప్పుడు దాని ధర 666 డాలర్ల 66 సెంట్లు. 2014లో వేలంపాటలో ఒకదాన్ని 9 లక్షల 5 వేల డాలర్లకు ఒక మ్యూజియం వాళ్లు కొన్నారు. ఈ సంగతి సార్ చెప్పినప్పుడు మేమందరం మన స్టోరు గది వైపు చూశాం. సార్ నవ్వి "మనవి అంత పాతవి కావమ్మా, అంత ఆశ పెట్టుకోకండి" అన్నారు.

మన దేశం వాళ్లు కూడా చేశారు. బొంబాయి దగ్గర ట్రాంబేలో ఉన్న అణు పరిశోధన కేంద్రంలో 1969లో టీడీసీ-12 తయారయింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. దాన్ని అమ్మింది మన హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ. 1967లో ఈసీఐఎల్‌ను మొదలుపెట్టి నడిపినది అయ్యగారి సాంబశివరావు గారు. హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్ అని ఆయన పేరుతోనే ఉంది. ఇప్పుడు మనందరం చూసే కంప్యూటర్ల లాంటిది ఐబీఎం వాళ్లు 1981 ఆగస్టులో తెచ్చారు. దాన్ని పీసీ అన్నారు. అందులో విశేషం ఏటంటే, మూత విప్పి మనకి కావలసిన ముక్కను లోపల గుచ్చుకోవచ్చు. ఆ అలవాటు అప్పటినుంచి పోలేదు. మనం బాగుచేయగలుగుతున్నాం అంటే అందుకే.

ఇక అసలు పాఠం. పక్కన పెట్టె లోపలి బొమ్మ గీశాను చూడండి. పచ్చగా పెద్ద పలక ఉన్నాది కదా, అది మదర్‌బోర్డు. అన్నీ దానికే తగులుకొని ఉంటాయి. ఫ్యాను కింద ఉన్నది ప్రాసెసరు, లెక్కలు చేసేది అదే. పొడుగ్గా దువ్వెనలాగ ఉన్నది ర్యామ్. ఇనుప పుస్తకంలాగ ఉన్నది హార్డ్‌డిస్కు. మూలన వెనక ఉన్న ఇనుప డబ్బా ఎస్ఎంపీఎస్, గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా తగ్గించి లోపల పంచుతాది. హార్డ్‌డిస్కుకీ ర్యామ్‌కీ తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలంటే, హార్డ్‌డిస్కు మన ట్రంకు పెట్టె, ర్యామ్ మనం చదువుకునేటప్పుడు ముందు వేసుకునే పీట. పీట చిన్నదైతే పుస్తకాలు మాటిమాటికీ పెట్టెలోంచి తియ్యాలి, మళ్లీ పెట్టాలి. పాత కంప్యూటర్ నెమ్మదిగా ఉండడానికి చాలాసార్లు కారణం ఇదే.

మన మూడు పెట్టెలకు మేం సుద్దతో 1, 2, 3 అని రాశాం. ఒకటోది పెంటియం 4, అన్నింటికంటే పాతది, కరెంటు పెడితే ఉలుకూ పలుకూ లేదు. రెండు, మూడు కోర్ టూ డుయో. రెండోది ఆన్ అయి వెంటనే ఆరిపోతాది. మూడోది బీప్ బీప్ అని అరుస్తాది గాని తెర మీద ఏమీ రాదు.

అరవడం మంచిదట! బోర్డు బతికే ఉంది, ఏదో సరిగా లేదని చెబుతోంది అని అర్థం. ఎక్కువగా ర్యామ్ కదిలిపోయినా, దాని బంగారు రంగు పళ్లకు మసి పట్టినా అలా అరుస్తాది. మందు ఏటో తెలుసా? మన పెన్సిలు రబ్బరు. ర్యామ్‌ను తీసి రెండు వైపులా రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి ఊదేసి, మళ్లీ టక్ మని శబ్దం వచ్చేవరకు నొక్కాలి. మూడోసారికి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. మా రూమ్ అమ్మాయి ఏడ్చీసింది. ఎందుకే అంటే "నాకేటి తెలుసు" అన్నాది.

ఆన్ చేసినప్పుడల్లా తారీఖు ఎన్నో ఏళ్ల వెనక్కి పోతుంటే బోర్డు మీద ఉన్న గుండ్రని సెల్లు అయిపోయినట్టు. దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులది. వాచీలు బాగుచేసే దుకాణంలో దొరికింది. కంప్యూటర్ ఆపేసినా గడియారం నడిచేది ఈ సెల్లు వల్లే. 1990 ముందువెనకల కంప్యూటర్లలో ఈ సెల్లు బదులు బోర్డుకి అతికించిన బ్యాటరీ ఉండేది. అది ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే కారి బోర్డు మీద రాగి గీతలను తినేస్తాది. అందుకని పాతవి సేకరించేవాళ్లు ఏది కొన్నా ముందు ఆ బ్యాటరీని కోసి తీసేస్తారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు రాస్తాను. మూడోదానికి ఒక్క జీబీ ర్యామే ఉంది, పక్కన ఇంకో గాడి ఖాళీ. ఒకటో పెట్టెలోది తీసి ఇందులో పెడదామని నేను తొందరపడ్డాను. సార్ అప్పుడు ఫోన్ మాట్లాడుతున్నారు. అది దిగలేదు. బలంగా నొక్కాను. గాడి చివర తెల్లటి చెవి ఉంటాది, అది పటుక్కున విరిగిపోయింది. తర్వాత తెలిసింది, ఒకటో పెట్టెలోది డీడీఆర్, మూడోది డీడీఆర్ 2. మొదటిదానికి 184 కాళ్లు, రెండోదానికి 240. కరెంటు కూడా వేరు, ఒకటి 2.5 వోల్టులు, ఇంకొకటి 1.8. ఒకదాంట్లో ఇంకొకటి పెట్టకూడదనే మధ్యలో గంటు వేరే చోట పెడతారు. దిగకపోతే అది మనది కాదని అర్థం, బలం చూపించకూడదు. రెండో పెట్టెలోది డీడీఆర్ 2 కాబట్టి అది సరిపోయింది. విరిగిన చెవి చోట దారం కట్టాం. రెండు జీబీ అయింది, నడుస్తోంది. సార్ తిట్టలేదు గాని రెండు ఆదివారాలు నాకు స్క్రూ డ్రైవరు ఇవ్వలేదు.

రెండో పెట్టె ఎందుకు చచ్చిపోయిందో కళ్లతోనే కనిపించింది. బోర్డు మీద చిన్న చిన్న డబ్బాలు ఉంటాయి, కెపాసిటర్లు. వాటి నెత్తి చదునుగా ఉండాలి. ఇక్కడ నాలుగు పూరీల్లాగ పొంగి, ఒకదాంట్లోంచి గోధుమరంగు జిగురు కారింది. 1999 నుంచి 2007 వరకు ప్రపంచమంతటా చాలా కంప్యూటర్లు ఇలాగే పాడయ్యాయి. లోపల పోసే ద్రవం మంచిది కాకపోవడమే కారణం. టంకం పెట్టి కొత్తవి వేస్తే బతుకుతాది, కాని మాకు టంకం రాదు. అందుకని రెండోదాన్ని ముక్కలు ఇచ్చే పెట్టెగా ఒప్పుకున్నాం.

మూడోదాని హార్డ్‌డిస్కు టిక్ టిక్ మంటుండేది. ఆ శబ్దం వస్తే ఇంక నమ్మకూడదు. హార్డ్‌డిస్కులో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాది, సూది లాంటిది దానిమీద వెతుకుతాది. ఇప్పుడు వచ్చే ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, అందుకే వేగం. సార్ విశాఖపట్నం వెళ్లినప్పుడు చిన్నది ఒకటి తెచ్చారు. ముందు ఆన్ అవడానికి నాలుగు నిమిషాలు పట్టేది, మనం ప్రార్థన పాడేసేంత. ఇప్పుడు ఇరవై లెక్కపెట్టి, ఇంకో ఇరవై లెక్కపెడితే వచ్చీసింది. నా లెక్కలో పాత కంప్యూటర్‌కి ఒక్కటే కొనగలిగితే ఇదే కొనాలి.

లోపలి విండోస్ ఎక్స్‌పీ కూడా మార్చాం. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో కంపెనీ వాళ్లు మరమ్మతులు ఆపేశారు. కొత్త విండోస్ 11 ఇంత పాత యంత్రాన్ని ఒప్పుకోదు. అందుకని డెబియన్ అనే లినక్స్ వేశాం, డబ్బులు కట్టక్కర్లేదు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు ఇలాంటి లినక్స్‌ను తెలుగులో కనిపించేలాగ చేశారు.

జాగ్రత్తలు. ఇవి మాత్రం అందరూ చదవాలి. ప్లగ్గు పీకకుండా మూత విప్పకూడదు. ముట్టుకునే ముందు పెట్టె ఇనుమును తాకాలి, మన ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తు పోతాది, లేకపోతే ర్యామ్ చచ్చిపోవచ్చు. ఎస్ఎంపీఎస్ డబ్బాను విప్పకూడదు. వెనక పెద్ద బుర్ర ఉన్న పాత తెరను అస్సలు విప్పకూడదు. అది నడిచేటప్పుడు లోపల 20 వేల వోల్టులకు పైగా ఉంటాది, ఆపేసి ప్లగ్గు పీకినా కొంత దాచుకునే ఉంటాది. ప్రాణం పోతాది. ఆరో తరగతి చెల్లెళ్లూ, మీకే చెప్తున్నాను.

ఒకప్పుడు కంప్యూటర్లో తెలుగు కనిపించడానికి కూడా ఇలాగే ఒక ముక్క గుచ్చేవారట. కాన్పూరు ఐఐటీలో మొదలుపెట్టిన పనిని పూణేలోని సీ-డాక్ వాళ్లు జిస్ట్ కార్డుగా చేశారు. సీ-డాక్ 1988లో పెట్టారు. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెట్టె మూత విప్పి ఆ కార్డును గాడిలో పెడితే తెలుగు, హిందీ, తమిళం వచ్చేవి. 1991లో యూనికోడ్ అనే లెక్క వచ్చింది, అందులో తెలుగు మొదటినుంచీ ఉంది. లోకంలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చారు. దాంతో కార్డు అక్కర్లేకపోయింది.

నేను సవర పిల్లని. సవర భాషకి మంగేయ్ గొమాంగో గారు 1936లో సొర సోంపెంగ్ అనే లిపి చేశారు. ఆ అక్షరాలకు యూనికోడ్ నంబర్లు 2012లో వచ్చాయి. ఎక్స్‌పీ వచ్చింది 2001లో, దానికి ఆ అక్షరాలు తెలీవు. సార్ పెన్‌డ్రైవులో తెచ్చినది తెరిస్తే వట్టి గళ్లు గళ్లుగా కనిపించాయి, ఖాళీ పలకలు వరసగా పెట్టినట్టు. డెబియన్ వేసి ఫాంటు పెట్టాక అవే గళ్లలో అక్షరాలు వచ్చాయి. నాకు ఆ లిపి చదవడం రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు, మా అమ్మకి ఏ లిపీ రాదు. ప్రింటు తీసే యంత్రం లేదు కాబట్టి తెర చూసి కాగితం మీద దింపుకున్నాను. దసరా సెలవులకి ఇంటికి తీసుకెళ్లి చూపిస్తే అమ్మ తిప్పి తిప్పి చూసి, "ఇది మన మాటేనా? పెట్టెలో ఉన్నాదా?" అని అడిగింది. ఉన్నాది అన్నాను. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా వెనక గోడకి అన్నంతో అతికించింది.

పాతవి దాచేవాళ్లలో ఒక తగువు ఉందట. కొందరు పాతదాన్ని పాతగానే ఉంచాలి, ఒక్క ముక్క మార్చినా పాడయినట్టే అంటారు. కొందరు పనిచేయకపోతే ఎందుకు, మార్చెయ్యాలి అంటారు. మా అమ్మ చేట చిరిగితే కాగితం నానబెట్టి మెంతులతో రుబ్బి పూస్తాది, మళ్లీ బియ్యం చెరుగుతాది. నేను అమ్మ వైపే. కాని ఒకటో పెట్టెకు మాత్రం ఏమీ మార్చొద్దని నా ఉద్దేశం. దానికి ఫ్లాపీ పెట్టే నోరు ఉంది. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ, సార్ ఫోన్లో తీసిన మన ఫోటో ఒక్కటి కూడా పట్టదు. అది చూస్తేనే చెల్లెళ్లకి అర్థమవుతాది.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. పాత సామాన్ల ఆయన మళ్లీ వస్తానన్నాడు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇలాంటివి రిజిస్టరు అయిన వాళ్లకే ఇవ్వాలి. పాత తెర గాజులో సీసం ఉంటాది. రాగి కోసం తీగలు కాలిస్తే ఆ పొగ విషం. రెండో పెట్టె బోర్డును అలాంటి వాళ్లకి ఎలా పంపాలో సార్ కనుక్కుంటున్నారు. దయచేసి అప్పటివరకు ఏదీ తూకానికి ఇవ్వొద్దు మేడం.

వచ్చే ఆదివారం రెండో పెట్టె ఎస్ఎంపీఎస్ తీసి ఒకటోదానికి పెడతాం. అప్పుడైనా లేస్తాదేమో చూడాలి. రావాలనుకున్న వాళ్లు రబ్బరు, పాత పళ్ల బ్రష్షు తెచ్చుకోండి. పౌడరు డబ్బా మూత కూడా ఒకటి కావాలి, స్క్రూలు పోతున్నాయి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని