గణనయంత్రమున విలాసముల లెక్క

విద్యార్థులారా! పరిశుద్ధ గ్రంథమున నొక మాటను జూపవలెనన్న అధ్యాయమును, వచనమును జెప్పుదుము. యోహాను సువార్త 3వ అధ్యాయము, 16వ వచనము అన్న చాలును. ఏ ప్రతి తెఱచినను ఆ చోటు దొరకును. 1978వ సంవత్సరమున ఇంటెల్ సంస్థవారు వెలువరించిన 8086 అను ప్రాసెసరు తన మెమరీలోని గదులను ఇట్టి రెండు సంఖ్యలతోడనే గుర్తించుచుండెను. 1981లో ఐ.బి.యం. వారు తమ పర్సనల్ కంప్యూటరున నుపయోగించిన 8088 యు నీ విషయమున దానికి సరిజోడే.

ఇట్లేల చేయవలసివచ్చెను? అందలి రిజిస్టరు ఒక్కొక్కటి 16 బిట్లు మాత్రమే పట్టును. బిట్టు అనగా సున్నయో, ఒకటియో. కావున నొక రిజిస్టరుతో 65,536 గదులకంటె నెక్కువ గుర్తింప వలనుపడదు. మెమరీకి విలాసమును గొనిపోవు తీగెలు మాత్రము 20. వానితో 10,48,576 గదులను జేరవచ్చును. చిన్న పాత్రతో పెద్ద కొలత కొలుచుటెట్లు?

ఉపాయ మిది: సెగ్మెంటు సంఖ్యను 16చే గుణించి, దానికి ఆఫ్‌సెట్ సంఖ్యను గూడవలెను. సెగ్మెంటు 1000, ఆఫ్‌సెట్ 50 అనుకొనుడు. 16,000కు 50 చేర్చగా 16,050వ గది వచ్చును. ఇక సెగ్మెంటు 1001, ఆఫ్‌సెట్ 34 అయినచో? 16,016కు 34 చేర్చగా మరల 16,050 యే!

ఇచ్చట మన యుపమానము చెల్లదు. ఒక యధ్యాయము ముగిసినగాని మఱియొకటి మొదలు కాదు. సెగ్మెంట్లన్ననో, 16 గదులకొకటి చొప్పున మొదలై యొకదానిపై నొకటి పరచుకొనియుండును. నడుమ గట్టు లేదు. అందుచే నొక ప్రోగ్రాము పొరపాటున వేఱొకదాని గదిలో వ్రాసి దానిని చెఱచినను, ఆపువారు లేకుండిరి. ఒక్క తప్పునకు యంత్రమంతయు నిలిచిపోవుటయు గలదు.

1982లో వచ్చిన 80286 ఈ లోపమును దీర్చుటకు మార్గము చూపెను. దాని రక్షిత విధానమున సెగ్మెంటు సంఖ్యను 16చే గుణింపరు. అది యొక పట్టికలోని వరుసను జూపును. ఆ వరుసలో సెగ్మెంటు మొదలు, హద్దు, ప్రవేశించుటకు గల యధికారము వ్రాయబడియుండును. హద్దు మీఱిన ప్రోగ్రామును ప్రాసెసరే యడ్డగించును. 1985లోని 80386 ఆఫ్‌సెట్‌ను 32 బిట్లకు పెంచెను.

బాలబాలికలారా, సెగ్మెంటు 1002 అయినచో అదే గదికి ఆఫ్‌సెట్ ఎంత కావలెనో మీరే గట్టి చూడుడు. పేరు వేఱైనంతమాత్రమున చోటు వేఱు కాదని మీకే తెలియగలదు.