రూర్కెలాయా, తాడేపల్లిగూడెమా?

మన బిస్సమ్ కటక్ నుండి ఇంటర్మీడియెటునకై పిల్లలను విశాఖకు పంపదలచు తల్లిదండ్రులు ఒక నిబంధనను ముందుగా గమనింపవలెను. జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో (ఎన్.ఐ.టి.) సగము సీట్లు స్వరాష్ట్రమువారివి. స్వరాష్ట్రమనగా మాతృభాషను బట్టి వచ్చునది కాదు. పన్నెండవ తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రము. ఒడిశాలో చదివినచో 1961లో వెలసిన రూర్కెలా, ఆంధ్రలో చదివినచో 2015లో వెలసిన తాడేపల్లిగూడెము స్వరాష్ట్ర కళాశాల యగును. రూర్కెలా పాతది, పూర్వవిద్యార్థుల బలగము ఉద్యోగవేళ అక్కరకు వచ్చును. ఉక్కు కర్మాగారము గల ఊరు కావున లోహశాస్త్రము నేర్చువారికి పరిశ్రమ కన్నులయెదుటనే యుండును. ఉద్యోగమిచ్చు సంస్థలు కళాశాల పేరుతోపాటు శాఖను కూడ చూచును. పేరు కొరకు ఇష్టములేని శాఖలో చేరుటను మేము హర్షింపము. ఐ.ఐ.టి.లలో, ఖరగ్‌పూరైనను (1951) భువనేశ్వరమైనను (2008), ఈ రాష్ట్రభేదము లేదు. అచటికే గురిపెట్టినవారు ఎచట చదివినను ఒక్కటే.