గర్భిణికి అభయప్రదానము

తొలిచూలు స్త్రీకి ఎంత ఆనందదాయకమో అంత ఆందోళనకరము కూడ. కాన్పు ఎట్లు జరుగునో, శిశువు క్షేమముగ నుండునో లేదో యను తలపు ఆమెను వీడదు. దేశకాలములు సైతము కలతపడినచో ఆ భయము ఇనుమడించును. అట్టి వేళ ఇంటివారు చేయవలసినదేమి? శ్రీమద్భాగవతమందలి ఇద్దరు గర్భిణుల చరిత్రలు ఇందులకు సమాధానము చెప్పుచున్నవి.

మొదటిది ఉత్తర చరిత్ర. భర్తయగు అభిమన్యుడు రణరంగమున అసువులు బాసెను. ఆమె గర్భస్థ శిశువే పాండవవంశమునకు మిగిలిన అంకురము. అశ్వత్థామ ప్రయోగించిన బ్రహ్మాస్త్రము తరుముకొని రాగా, ద్వారకకు బయలుదేరుచున్న శ్రీకృష్ణుని యొద్దకు ఆమె పరుగున వచ్చి శరణు వేడినది. తానేమైనను సరియే, గర్భమునకు హాని కలుగరాదని విన్నవించుకొన్నది. ఉత్తర తన భయమును దాచుకొనలేదు. వీరపత్నికి భయమేల యని స్వామి మందలింపనూ లేదు. గర్భమును తన మాయచే ఆవరించి కాపాడెను. ఆ శిశువే పరీక్షిన్మహారాజు. విష్ణువుచే రక్షింపబడుటచే అతనికి విష్ణురాతుడని పేరు కలిగినది.

రెండవది ప్రహ్లాదజనని కయాధువు చరిత్ర. తెలుగునాట ఈమె లీలావతిగ ప్రసిద్ధురాలు. హిరణ్యకశిపుడు తపస్సునకు వెళ్ళియుండగా దేవతలు దండెత్తిరి. ఇంద్రుడు గర్భవతియగు ఆమెను కొనిపోవుచుండగా నారదమహర్షి అడ్డుపడి విడిపించెను. పిమ్మట ఆ మహర్షి మొదట చేసినది ఉపదేశము కాదు. ఆమెను తన ఆశ్రమమునకు తోడ్కొనిపోయి, భర్త తిరిగి వచ్చువరకు అచ్చటనే యుండుమని ఆశ్రయమిచ్చెను. ధర్మమును, జ్ఞానమును బోధించుట ఆ తరువాతిది. భయము తీరిన హృదయముననే బోధ నిలుచును.

గర్భము నిలుచుటకు తోడ్పడువానిలో మనఃప్రసన్నత శ్రేష్ఠమని చరకసంహిత చెప్పుచున్నది. గర్భిణిని నిండు నూనెపాత్రతో పోల్చినదియు ఆ గ్రంథమే. పాత్ర తనంత తాను తొణకదు. మోయువారి చేయి స్థిరముగ నుండవలెను. కొందరిండ్లలో “నీవు దిగులుపడినచో బిడ్డకు కీడు” అని గర్భిణినే గద్దింతురు. అందువలన దిగులు తగ్గదు సరికదా, తానే తప్పు చేయుచున్నానను బాధ దానికి తోడగును.

2020 మార్చి 25 నుండి కరోనా మహమ్మారి కారణమున దేశమంతట లాక్‌డౌన్ అమలైనపుడు ఇది ఎన్నో కుటుంబములకు అనుభవమునకు వచ్చినది. రైళ్లు, బస్సులు నిలిచినవి. తిరుమలలో సైతము ఆ మార్చి నెలలోనే భక్తుల దర్శనము ఆగినది. తొలి కాన్పునకు పుట్టింటికి చేరుట తెలుగునాట ఆచారము. ఎందరో ఆడపడుచులు ఉన్నచోటనే ఉండిపోవలసి వచ్చెను. ఆసుపత్రికి పోయిన వ్యాధి సోకునేమో, పోకున్న ప్రమాదమేమో యని వారు తల్లడిల్లిరి. అట్టి దినములలో ప్రతిరోజు ఫోనులో పలుకరించిన తల్లి, వేళకు వాహనము కుదిర్చిన పొరుగువారు, నారదుని వలె ఆశ్రయమిచ్చినవారే.

కావున గర్భిణి చెప్పుకొను భయమును ఇంటివారు ఓపికతో వినవలెను. పుకార్లను, కష్టకాన్పుల కథలను ఆమె చెవిని వేయరాదు. ఆసుపత్రి, వాహనము, తోడు వెళ్ళువారు ఎవరెవరో నెలలు నిండకముందే నిర్ణయించుకొనవలెను. అత్యవసరమైనచో 108 వాహనమును పిలువవలెను. దిగులుచే నిద్రాహారములు తప్పినచో దానిని చాదస్తమని త్రోసివేయక వైద్యునికి చెప్పవలెను. మనోవేదనకు సలహానిచ్చు టెలీ-మానస్ సేవ 14416 సంఖ్యతో 2022 అక్టోబరులో ప్రారంభమైనది. వైద్యమును ఆశ్రయించుట భక్తికి లోపము కాదు.

ఉదయ సాయంకాలములందు ఆమెతో కలిసి ఇంటిల్లిపాది కొంతసేపు నామస్మరణ చేయుట మేలు. ఒంటరిగ జపించు నామము ధైర్యమిచ్చును; నలుగురి నడుమ పలుకు నామము, తోడున్నవారిని కూడ చూపును. శరణన్న ఉత్తరకు స్వామి తానే రక్షయైనాడు. నేటి గర్భిణికి ఆ స్వామి అభయము ఇంటివారి చేతుల ద్వారా అందవలెను.