బీటెక్ తర్వాత సంగీతం: మూడు వేసవుల ప్లాన్

నిరుడు మే నెలలో నాన్న ఒక రోజు డ్యూటీ వదులుకుని నన్ను హైదరాబాద్ తీసుకుపోయాడు. తెల్లారకముందే దామరచర్లలో బస్సెక్కి మిర్యాలగూడ, అక్కడ ఇంకో బస్సు. ఏదైనా సంగీత కళాశాలలో వేసవి రెండు నెలలు చేరి, గాత్రం మొదలుపెడదామని నా ఆలోచన. పదకొండున్నరకు గేటు ముందు నిలబడ్డాం. గేటుకు తాళం. పక్కన వేపచెట్టు కింద కూర్చున్న వాచ్‌మన్ లేవకుండానే అన్నాడు: "సెలవులు సార్. జూన్‌ల రండి."

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. చెరుకురసం తాగించి, తిరిగి బస్సెక్కించాడు. ఆ అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది. దారి మ్యాప్‌లో చూసిన, రివ్యూలు చదివిన, బస్ టైమింగ్స్ రాసుకున్న. కాలేజీ తెరిచి ఉంటుందా అని మాత్రం చూడలేదు. మనకు సెలవులైతే వాళ్లకూ సెలవులే కదా! ఎంట్రన్స్ కోచింగ్‌కి ఎండాకాలం సెలవులు లేవు కాబట్టి లోకంలో ఏ చదువుకూ ఉండవని అనుకున్న.

మన కాలేజీలో బీటెక్ అయ్యాక సంగీతంలో పీజీ చేద్దామని మనసులో ఉన్నవాళ్లు కనీసం నలుగురున్నారని నాకు తెలుసు. హాస్టల్ టెర్రస్ మీద రాత్రి పదింటికి పాడేవాళ్లు, మీరే. ఈ వ్యాసం మీకోసం. నేను చేసిన తప్పులతో మొదలుపెడతా, ఎందుకంటే ఇప్పటిదాకా నా దగ్గర ఎక్కువగా ఉన్నవి అవే.

ఆ గేటు సంగతి చెప్పి ఏడుస్తుంటే మా మిర్యాలగూడ మేడం (ఆమె దగ్గరికి ఎలా చేరానో తర్వాత చెప్తా) నవ్వి ఘంటసాల కథ చెప్పారు. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. సంగీతం నేర్చుకోవాలని ఇంట్లో చెప్పకుండా విజయనగరం బయలుదేరాడు. దారి ఖర్చుకు చేతి ఉంగరం అమ్ముకున్నాడు. నలభై రూపాయల ఉంగరానికి ఎనిమిది రూపాయలు వచ్చాయని చెప్పుకుంటారు. తీరా చేరేసరికి మహారాజా సంగీత కళాశాలకు వేసవి సెలవులు! 1919లో పెట్టిన కాలేజీ అది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936 నుంచి ఆ కుర్చీలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారున్నారు. ఆయన ఈ పిల్లవాడిని కాలేజీ తెరిచేదాకా ఆవరణలో ఉండనిచ్చారు. ఆ తర్వాత పట్రాయని సీతారామశాస్త్రి గారు తన ఇంట్లో ఉంచుకుని పాఠం చెప్పారు. తిండికి ఇల్లిల్లూ తిరిగి మధూకరం తెచ్చుకున్నాడు.

మేడం ఈ కథ నన్ను ఓదార్చడానికి చెప్పారు. నాకు మాత్రం అందులో ఒక పాయింట్ దొరికింది. కాలేజీ మూసి ఉన్నప్పుడు చదువు గురువు ఇంట్లో నడిచింది. అమెరికాలో దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ బడుల్లో సంగీతం చెప్పే టీచర్లకు వేసవిలోనే ఖాళీ, అందుకని కొన్ని యూనివర్సిటీల సంగీత విభాగాలు వేసవిలో వాళ్ల కోసమే మాస్టర్స్ క్లాసులు నడుపుతాయి. మూడు వేసవులు వరుసగా వెళ్తే డిగ్రీ చేతికొచ్చే పద్ధతి కూడా ఉంది. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో అలాంటి ఏర్పాటు ఉంటుందని నమ్ముకుని బయలుదేరకండి. కానీ నా వేళ్లమీద లెక్కపెట్టుకుంటే, రెండో ఏడాది తర్వాత ఒకటి, మూడో ఏడాది తర్వాత ఒకటి, నాలుగో ఏడాది తర్వాత ఒకటి: నాకూ సరిగ్గా మూడు వేసవులే మిగిలినయ్. కాలేజీ ఇవ్వకపోతే ఆ మూడు వేసవుల డిజైన్ నేనే వేసుకోవాలి.

ముందు గమ్యం ఏమిటో చూద్దాం. తెలంగాణలో ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలున్నాయి. రాంకోటిలో త్యాగరాజ, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు పేరున్నవి అందరికీ తెలిసినవి. వాటిలో సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, దానిపైన డిప్లొమా 2 ఏళ్లు. పీజీ కావాలంటే హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం ఉంది (1985లో మొదలైంది, తర్వాత పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు). విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, అమ్మాయిలకైతే తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. సముద్రం అవతల కాలిఫోర్నియాలో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయంలో కూడా కర్ణాటక సంగీతంలో ఎం.ఏ. ఉంది. అర్హతలు ఒక్కోచోట ఒక్కో తీరు, ఏడాదికేడాది మారొచ్చు. కాబట్టి సీనియర్ల మాట కాదు, ఆ ఏటి నోటిఫికేషన్ తీసి చదవండి. బీటెక్ పట్టా ఒక్కటి చాలుతుందా, సంగీతంలో సర్టిఫికెట్ కూడా అడుగుతారా అన్నది మొదటి ఏడాదిలోనే తెలుసుకోవాల్సిన సంగతి. నాలుగో ఏడాదిలో తెలిస్తే చేసేదేం లేదు. అర్హత ఉన్నా, కూర్చోబెట్టి పాడించి చూస్తారనే అనుకుని తయారవ్వాలి. అక్కడ సీజీపీఏ పనికిరాదు.

4 ప్లస్ 2, ఆరేళ్ల మెట్లు. నాకు ఉన్నది మూడు వేసవులు, మధ్యలో సెమిస్టర్లు. ఇక్కడే నేను రెండో తప్పు చేసిన.

గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చాక పట్టుదలగా ఇంట్లోనే మొదలుపెట్టా. మొదటి సరళి స్వరం ఆరోహణ, అవరోహణ కలిపి 16 స్వరాలు. ఆది తాళానికి 8 అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, అంటే రెండు ఆవర్తాలు. అక్షరానికి ఒక సెకను అనుకుంటే 16 సెకన్లు. రెండో కాలంలో 8, మూడో కాలంలో 4. మూడు కాలాలూ కలిపి 28 సెకన్లు! మిగతావి దీనికంటే పొడుగు, ఒక్కోటి నిమిషం వేసుకున్నా, మా పుస్తకంలో ఉన్న 14 సరళి స్వరాలకు పావుగంట. రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఎనిమిది రౌండ్లు. నెలలో జంట స్వరాలు, అలంకారాలు కూడా లేపేసి గీతాల్లోకి వెళ్లొచ్చని ఎక్సెల్ షీట్ వేసిన. రంగులు కూడా వేసిన.

మూడో రోజుకు గొంతు పోయింది. కారణం సింపుల్. ఒక గాయకుడి వీడియో పెట్టుకుని ఆయన శ్రుతిలోనే పాడిన. ఆయనది ఒకటి శ్రుతి. కింద మందరంలో నాకు అందదు, పైకి వెళ్తే అరుపు. నాది ఐదున్నర అని నాకెవరు చెప్పాలి? పైగా మేడ మీద ఎండలో కూర్చుని, మధ్యలో దిగి ఫ్రిజ్ నీళ్లు. వారం రోజులు మాట కూడా సరిగా రాలేదు. నాయనమ్మ మిరియాల పాలు ఇచ్చుకుంటూ, "పాటలు పాడినోళ్లు మస్తుమందిని చూసిన గానీ పాటతోని జరం తెచ్చుకున్నదాన్ని నిన్నే చూసిన" అన్నది.

అప్పుడు అమ్మ ఎవరినో అడిగి మిర్యాలగూడలో మేడంని పట్టుకుంది. జూన్‌లో కాలేజీ తెరిచేదాకా రెండు వారాలే దొరికాయి. మొదటిరోజు నేను మూడో కాలం దాకా పాడి చూపించా, మెచ్చుకుంటారని. ఆమె కళ్లు మూసుకుని విని, "రి ఎక్కడ వేస్తున్నవో ఇంకోసారి పాడు" అన్నారు. మాయామాళవగౌళలో రిషభం షడ్జమానికి ఆనుకుని ఉంటుంది, శుద్ధ రిషభం. నేను దాన్ని ఒక మెట్టు పైకి నెట్టి పాడుతున్న. ఇరవై రోజులు, రోజూ, తప్పు స్వరాన్నే గట్టిపరుచుకున్న అన్నమాట. కోడ్‌లో బగ్ ఉంటే రన్ చేసినప్పుడే తెలుస్తుంది. గొంతులో బగ్ ఎన్నిసార్లు రన్ చేస్తే అంత లోతుకు దిగుతుంది. ఆ రెండు వారాలూ ఒక్క రి దించడానికే సరిపోయినయ్.

అక్కడ నా ప్లాన్ మొత్తం తిరగబడింది. గంటలు లెక్కపెట్టడం మానేసి పనులను రెండుగా విడదీసిన. ఇంకొకరి చెవి లేకుండా చేయకూడనివి ఒకవైపు: శ్రుతి నిర్ణయించుకోవడం, కొత్త రాగంలో స్వరస్థానాలు, గమకం, మూడో కాలం. ఇవన్నీ వేసవికి. ఒంటరిగా హాస్టల్‌లో చేయగలిగినవి ఇంకోవైపు: మేడం సరే అన్న పాఠాన్ని తిప్పితిప్పి పాడటం, చేత్తో తాళం, వినడం, సాహిత్యం రాసుకోవడం, శాస్త్రం. ఇవి సెమిస్టర్‌కి. వేసవి రోజుల్ని శాస్త్రం చదవడానికి ఖర్చుపెట్టకండి. అది మెస్‌లో క్యూలో నిలబడి కూడా నేర్చుకోవచ్చు, మనలాంటి కంప్యూటర్ వాళ్లకు మరీ తేలిక.

ఉదాహరణకు 72 మేళకర్తలు. రి, గ జతలు 6, ద, ని జతలు 6, మధ్యమాలు 2. ఆరు ఆర్ల 36, రెండు ముప్పయ్యార్ల 72. 17వ శతాబ్దంలో వేంకటమఖి చేసిన లెక్క ఇది. నంబరు తెలిస్తే స్వరాలు వాటంతటవే వస్తాయి: నంబరులోంచి ఒకటి తీసేసి (36 దాటితే ముందు 36 తీసేసి) ఆరుతో భాగిస్తే భాగఫలం రి, గ జత, శేషం ద, ని జత. మరి నంబరు ఎలా గుర్తుంటుంది? రాగం పేరులోనే దాచారు, కటపయాది పద్ధతిలో. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ట నుంచి ధ వరకు 1 నుంచి 9, ప నుంచి మ వరకు 1 నుంచి 5, య నుంచి హ వరకు 1 నుంచి 8, ఞ, న సున్నాలు. పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు తీసుకుని తిప్పి రాయాలి. మాయామాళవగౌళ: మ 5, య 1, తిప్పితే 15. ధీరశంకరాభరణం: 9, 2, తిప్పితే 29. మేచకల్యాణి: 5, 6, తిప్పితే 65.

ఇది చదివి ఆగలేక పైథాన్‌లో ప్రోగ్రాం రాసిన. పేరు ఇస్తే నంబరు, నంబరు నుంచి స్వరాలు. అన్నీ బాగానే వచ్చినయ్, నటభైరవి దగ్గర ఆగింది. 20 రావాలి, 10 వస్తోంది. అరగంట లూపులన్నీ వెతికిన. మేడంకి ఫోన్ చేస్తే, "ఎట్ల రాసినవ్? అక్షరం అక్షరం చెప్పు" అన్నారు. న, ట... "ట కాదు, ఠ. నఠభైరవి. ఒత్తు ఉన్నది" అన్నారు. ఠ అంటే 2. 02 తిప్పితే 20. ఒత్తు లేకపోతే 10, అది నాటకప్రియ, పూర్తిగా వేరే రాగం. "నీ ప్రోగ్రాం మంచిగనే ఉన్నది, నీ తెలుగే ఇంగ్లిష్ల ఉన్నది" అని నవ్వారు. నిజమే. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, రాగం పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి తెలుగులోకి దింపుకున్న. ఆ అక్షరాల్లో టకు, ఠకు తేడా ఎక్కడిది? ఆ రాత్రి అమ్మకు వీడియో కాల్ చేసి వర్ణమాల మళ్లీ రాసుకున్న, 19 ఏళ్ల వయసులో.

సంయుక్తాక్షరాల దగ్గర ఇంకో తంటా ఉంది. షణ్ముఖప్రియలో ణ్ము అంటే మ తీసుకోవాలి: 6, 5, తిప్పితే 56. సరే అని చివరి హల్లు తీసుకోమని రూల్ పెడితే, చక్రవాకం 26 అని చూపించింది. అది చారుకేశి నంబరు. చక్రవాకం 16, అంటే అక్కడ క్ర లో క తీసుకోవాలి. ఇలాంటివాటికి విడిగా ఒక చిన్న లిస్టు పెట్టుకున్న. అందంగా లేదు గానీ పనిచేస్తుంది.

ఇంక ఈ వేసవి ప్లాన్. మే మొదటివారం నుంచి 40 రోజులు. వారానికి మూడు రోజులు మిర్యాలగూడ వెళ్లి మేడం దగ్గర క్లాసు. మిగతా రోజులు పొద్దున ఐదున్నర నుంచి 40 నిమిషాలు, అంతకంటే ఒక్క నిమిషం కూడా ఎక్కువ కాదు. మా ఇల్లు హైవేకి దగ్గర. ఆరున్నర దాటితే లారీ హారన్లు మొదలవుతాయి, అవి ఏ మేళకర్తలోకీ రావు. మధ్యాహ్నం ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, దాన్ని వదలను. నాన్నతో కుదిరిన ఒప్పందం అది. సాయంత్రం గంటసేపు వినడం: వారానికి ఒక్క కృతి, అదే మళ్లీ మళ్లీ. ఈ వేసవికి టార్గెట్ జంట స్వరాలు, సప్త తాళ అలంకారాలు ఏడూ, రెండు గీతాలు. అంతే. నిరుటి ఎక్సెల్ షీట్‌లో ఇవి పది రోజుల పని.

వచ్చే వేసవికి స్వరజతి, ఆది తాళంలో ఒక వర్ణం రెండు కాలాల్లో. ఆ పై వేసవికి కృతులు, ఎంట్రన్స్. మధ్యలో సర్టిఫికెట్ పరీక్ష ప్రైవేటుగా రాయొచ్చేమో ఈ సెమిస్టర్‌లోనే ఆఫీసుకు వెళ్లి కనుక్కుంటా. ఈసారి ముందు ఫోన్ చేసి. ఇదంతా చేసినా మూడో వేసవికి ఆరేళ్ల మెట్లు పూర్తి కావు, ఒప్పుకుంటా. సీటు రాకపోతే ఉద్యోగం చేస్తూ ఇంకో ఏడాది ఆగుతా. "ఒక్కటంటే ఒక్క ఏడాది" అన్నాడు నాన్న. ఆ మాట కూడా కాగితం మీద రాయించుకున్న, సంతకంతో.

నిన్న మేడంకి ఫోన్ చేసి డేట్లు ఖాయం చేసుకున్న. ప్రోగ్రాం ఇప్పుడు నఠభైరవికి 20 చూపిస్తోందని చెప్పిన. "సంతోషం బిడ్డా. లాప్‌టాప్ ఇంట్ల పెట్టి, నోటుబుక్కు పట్టుకొని రా. ముందు రి విందాం" అన్నారు.