పెరటిలో వామాకు: పెంపకము, వాడుక

కూరగాయల మడికి చోటు లేని ఇండ్లు ఉండవచ్చును గాని, ఒక్క కుండీకి చోటు లేని ఇల్లు ఉండదు. ఆ కుండీలో ఏమి నాటవలెనని మీరు అడిగినచో, తులసి తరువాత మేము చెప్పు పేరు వామాకు. దీనికి విత్తనము కొననక్కరలేదు. పొరుగింటివారు ఒక కొమ్మ ఇచ్చిన చాలును. సంవత్సరము పొడుగునా ఆకు దొరకును.

అయినను ఈ మొక్కను నాటిన మొదటి వర్షాకాలములోనే పోగొట్టుకొనువారు పెక్కుమంది. కారణము అశ్రద్ధ కాదు, అతిశ్రద్ధ. దినదినము నీరు పోసి, చేతికందినంత ఎరువు వేసి, దాని వేళ్ళను కుళ్ళబెట్టుచున్నారు. ఆకును వాడుటలోను ఇట్టి పొరపాటే జరుగుచున్నది. దగ్గుకు మంచిదని విని, వైద్యునికి చూపవలసిన బిడ్డకు కూడ ఆకురసముతోనే రోజులు గడుపువారు కలరు. మొదటి పొరపాటు వలన పోవునది ఒక మొక్క. రెండవదాని వలన పోవునది అంత తేలికగా తీసివేయదగినది కాదు. ఈ రెండింటిని ఎట్లు తప్పించుకొనవలెనో ఈ వ్యాసములో తెలిసికొందము.

మొక్కను గుర్తించుట

వామాకు తులసి, పుదీనాల కుటుంబమునకు చెందినది. దీనిని కర్పూరవల్లి అనియు అందురు. శాస్త్రీయ నామము కోలియస్ అంబోయినికస్. 1790లో లొరీరో అను పోర్చుగీసు శాస్త్రజ్ఞుడు ఈ పేరుతో దీనిని వర్ణించెను. తరువాత చాలకాలము ప్లెక్ట్రాంథస్ జాతిలో చేర్చి, 2019లో తిరిగి కోలియస్‌లోనికే తెచ్చిరి. కనుక పుస్తకములలో రెండు పేర్లు కనిపించినను మొక్క ఒకటే.

ఆకు దళసరిగా, వెడల్పుగా, అంచున గుండ్రని నొక్కులతో ఉండును. పైన మెత్తని నూగు ఉండును. విరిచిన పటుక్కున విరుగును. నలిపిన వాము వాసన గుప్పుమనును. కాండము నీరుపట్టి, పెళుసుగా ఉండి, నేలకు తగిలినచోటనెల్ల వేళ్ళు పోయును.

వాము గింజలు చల్లి వామాకు కొరకు ఎదురుచూచువారు కలరు. వాము వేరు, వామాకు వేరు. వాము కొత్తిమీర కుటుంబములోని పంట. కర్నూలు జిల్లాలో సాగులో ఉన్నది. దాని ఆకు దారములవలె సన్నగా చీలి ఉండును. వాము పైరు నుండి ఈ దళసరి ఆకు రాదు, వామాకు మొక్క నుండి వాము గింజలు రావు. వాసన కలియుటకు కారణము రెండింటి తైలములలోను థైమాల్ అను ద్రవ్యము ఉండుటయే. వామాకులో దానితోపాటు కార్వక్రాల్ అను మరొక ద్రవ్యము కూడ ఉండును.

అందము కొరకు పెంచు రంగుటాకుల కోలియస్ మొక్కలు దీనికి దగ్గర చుట్టములు. వాటిని వంటకు వాడరాదు. దళసరి ఆకు, వాము వాసన, ఈ రెండును లేని మొక్క ఆకును నోట పెట్టవద్దు.

సేజ్ మొక్కకు ఆశపడవద్దు

పాశ్చాత్యులు మాంసపు వంటలలో సేజ్ అను ఆకును వాడుదురు. అదియు ఈ కుటుంబములోనిదే. ఊదారంగు ఆకులు గల సేజ్ రకము చూచుటకు ముచ్చటగా ఉండుటచే కొందరు దానిని తెచ్చి నాటుచున్నారు. అది మధ్యధరా సముద్రపు ఒడ్డున, రాతిగుట్టలపై, పొడి వేసవికి అలవాటుపడిన పొద. వేడియు వానతేమయు కలిసివచ్చు మన మైదానపు వర్షాకాలమును దాని వేళ్ళు ఓర్వలేవు. పైగా ఊదారకము విత్తనము నుండి నికరముగా రాదు, కొమ్మతోనే పెంచవలెను. పొట్లము మీది బొమ్మను చూచి డబ్బు పోగొట్టుకొనుటకంటె, మన ఎండకు తట్టుకొను వామాకును పెంచుట మేలు. సేజ్ దొరకనిచోట దానికి బదులు వామాకును వాడు అలవాటు ఇతర దేశములలోను కలదు.

చోటు, నేల

ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నము నీడపడు చోటు శ్రేష్ఠము. ఇంటికి తూర్పు వైపు గోడ ప్రక్క, లేక మునగ, జామ వంటి చెట్ల పలుచని నీడ బాగుండును. నడివేసవి ఎండ పూర్తిగా తగిలిన ఆకు పసుపు పారి చిన్నదగును. చిక్కని నీడలో కొమ్మలు సాగి, ఆకుకు ఘాటు తగ్గును.

నీరు ఇంకిపోవు నేల ముఖ్యము. చల్క నేలలు, ఇసుక గరప నేలలు చక్కగా సరిపోవును. రేగడి నేలయైనచో నేలమీద నాటక, ఇసుక కలిపిన మట్టితో జానెడు ఎత్తు గట్టు పోసి దానిపై నాటవలెను. స్నానపు నీరు, అంట్లు తోమిన నీరు పారు కాలువ ప్రక్క నాటవద్దు. అరటికి, కందకు పనికివచ్చు ఆ తడి దీనికి చావు తెచ్చును.

కుండీకైనచో ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపవలెను. కుండీ అడుగున రంధ్రముండి తీరవలెను. రంధ్రముపై పెంకుముక్క బోర్లించి మట్టి నింపవలెను. కుండీ క్రింద పళ్ళెము పెట్టవద్దు. దానిలో నిలిచిన నీరు వేళ్ళకు చెరుపు, దోమలకు నిలయము.

కొమ్మ నాటుట

తొలకరి వానలు పడిన తరువాత, లేదా కార్తీకము నుండి మాఘము వరకు నాటవచ్చును. ఎడతెగని ముసురులోను, వడగాడ్పుల కాలములోను నాటవద్దు.

ముదిరి చెక్కబారిన కొమ్మగాని, మరీ లేత చిగురుగాని పనికిరాదు. నడితరపు కొమ్మను మూడు నాలుగు కణుపులు ఉండునట్లు, అయిదారు అంగుళముల పొడవున కోయవలెను. క్రింది రెండు కణుపుల ఆకులు తీసివేయవలెను. కోసిన వెంటనే నాటక, ఒక పూట నీడలో ఉంచి కోత గాయమును ఆరనీయవలెను. తడిగాయముతో మట్టిలోనికి పోయిన కొమ్మ తరచు కుళ్ళును. పలువురు తెలియక విడిచిపెట్టు పని ఇదియే.

రెండు కణుపులు మట్టిలో ఉండునట్లు నాటి, చుట్టును వ్రేళ్ళతో నొక్కి, ఒకసారి నీరు చిలుకరించవలెను. రెండు మూడు వారములలో వేళ్ళు పట్టును. క్రొత్త ఆకు తొడుగుటయే దానికి గుర్తు. వేరు వచ్చినదా అని కొమ్మను పీకి చూడవద్దు. మడిలో నాటినచో మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగుల ఎడము విడువవలెను. ఒక సంసారమునకు రెండు మొక్కలు చాలును.

నీరు, ఎరువు

నీరు పోయుటకు ముందు వ్రేలిని మట్టిలో అంగుళము లోతు గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో ఆ దినము నీరు వలదు. పొడిగా ఉన్నచో చెంబెడు నీరు మొదట పోయుడు. వేసవిలో రెండు మూడు దినములకొకసారి, చలికాలములో వారమునకొకసారి సాధారణముగా సరిపోవును. వానకాలములో నీరు పోయు పనియే ఉండదు. కుండీని చూరు క్రిందికి జరుపుట మంచిది. ఈ మొక్క ఆకులోను కాండములోను నీరు దాచుకొనును. ఒక దినము మరచినను చావదు. పది దినములు బురదలో నిలిచిన బ్రతుకదు.

ఆకు వాలినప్పుడు తొందరపడి నీరు పోయువారు కలరు. మట్టి తడిగా ఉండి ఆకు వాలినచో అది దాహము కాదు, వేరుకుళ్ళు. అప్పుడు నీరు ఆపి, పైనున్న గట్టి కొమ్మలను కోసి, గాయము ఆరబెట్టి, వేరొక పొడిమట్టిలో నాటుకొనవలెను. పాత మొక్క పోయినను వంశము నిలుచును.

ఎరువు రెండు నెలలకొకసారి గుప్పెడు చివికిన పశువుల ఎరువుగాని వానపాముల ఎరువుగాని చాలును. యూరియా వేసిన ఆకు పెరుగును గాని నీరుపట్టి ఘాటు తగ్గును, కొమ్మ వాలిపోవును.

త్రుంచుట, పురుగులు

మొక్క జానెడు ఎత్తు పెరుగగానే చివర చిగురు త్రుంచినచో ప్రక్క కొమ్మలు వచ్చి గుబురగును. నాటిన రెండు నెలల తరువాత ఆకు కోయవచ్చును. ఒక్కసారి మూడవ వంతుకంటె ఎక్కువ కోయవద్దు. ఏడాది, రెండేళ్ళు గడచిన పిమ్మట కాండము చెక్కబారి ఆకు చిన్నదగును. అప్పుడు క్రొత్త కొమ్మలు నాటి పాతదానిని తీసివేయవలెను.

దళసరి ఆకు కావున ఎండబెట్టుట కష్టము. నల్లబడి బూజు పట్టును. ఏడాది పొడుగునా పచ్చిఆకు దొరకుచుండగా ఎండబెట్టి దాచవలసిన అవసరము లేదు.

పిండినల్లి కనిపించినచో తడిగుడ్డతో తుడిచివేయవలెను. ఎక్కువైనచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి చల్లి, వారము దినములు ఆకు కోయరాదు. తినెడు ఆకు కావున ఇతర పురుగుమందులు చల్లనే వద్దు.

వంటలో

పెరుగు పచ్చడి: పది ఆకులు సన్నగా తరిగి, చెంచాడు నేతిలో పచ్చివాసన పోవువరకు వేయించి, ఆరు మిరియములు, అరచెంచా జీలకర్ర, రెండు చెంచాల కొబ్బరికోరుతో నూరవలెను. చల్లారిన పిమ్మట రెండు కప్పుల పెరుగులో కలిపి, ఉప్పు వేసి, తాలింపు పెట్టవలెను.

బజ్జీలు: ఆకులు కడిగి తడి లేకుండ తుడువవలెను, తడి ఆకు నూనెలో చిటపటలాడి చేతిమీద చిందును. శనగపిండిలో కొద్దిగా బియ్యపుపిండి, ఉప్పు, కారము కలిపి పలుచగా జారుగా ముంచి వేయించవలెను. పిండిలో వాము వేయనక్కరలేదు, ఆకులోనే ఆ రుచి ఉన్నది.

చారు దించుటకు ముందు రెండు ఆకులు త్రుంచి వేసినను చాలును. ఘాటైన ఆకు, తక్కువ వేసినకొలది రుచి.

దగ్గు, జలుబు: ఎంతవరకు?

జలుబు చేసినప్పుడు ఆకును నిప్పుసెగ చూపి రసము పిండి త్రాగుట, ఆకు కాచిన నీరు త్రాగుట మన ఇండ్లలో ఉన్న వాడుక. పెద్దలకు గొంతు హాయిగా ఉండును. ఆ మేలు అంతవరకే. థైమాల్, కార్వక్రాల్ కొన్ని సూక్ష్మజీవులను అణచునని ప్రయోగశాలలలో చూచిరి గాని, దానినిబట్టి ఆకురసము ఊపిరితిత్తుల జబ్బును కుదుర్చునని అనుకొనరాదు.

ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏ ఆకురసమును పోయరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. కర్పూరవల్లి అను పేరు విని కర్పూరము కలుపువారు కలరు. కర్పూరము కడుపులోనికి పోయిన పిల్లలకు మూర్ఛలు వచ్చును. గర్భిణులు వైద్యుని అడుగక రసమును మందుగా త్రాగరాదు.

బిడ్డకు దగ్గు వచ్చినప్పుడు ముందుగా చేయవలసినది ఆకు కోయుట కాదు, ఊపిరి లెక్కించుట. బిడ్డ ఏడువక నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు, పొట్ట ఎన్నిసార్లు లేచుచున్నదో పూర్తిగా ఒక నిమిషము లెక్కింపుడు. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాదిలోపు 50, ఏడాది నుండి అయిదేండ్లలోపు 40, లేక అంతకు మించి వచ్చినచో అది న్యుమోనియా కావచ్చును. ఆ దినమే ఆసుపత్రికి తీసికొని పోవలెను. డొక్క లోపలికి గుంజుకొనుచున్నను, బిడ్డ పాలు త్రాగలేకున్నను, మగతగా ఉన్నను, మూర్ఛ వచ్చినను లెక్కకు కూడ ఆగక 108 వాహనమును పిలువుడు.

పెద్దలలో దగ్గు రెండు వారములు దాటినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కఫపరీక్ష చేయించుకొనవలెను. క్షయకు పరీక్షయు మందులును ప్రభుత్వమువారు ఉచితముగా ఇచ్చుచున్నారు.

గ్రామోద్యోగులకు ఒక మాట

వామాకు ఎకరములలో వేసి లాభము గడించు పంట కాదు. రైతులకు అట్టి ఆశ చూపవద్దు. పాఠశాల, అంగన్‌వాడీ ఆవరణలలో రెండేసి మొక్కలు నాటించి, వాటి నుండి కొమ్మలు పంచిపెట్టిన ఖర్చు లేకుండ ఊరంతయు వ్యాపించును. కొమ్మ ఇచ్చునప్పుడు రెండు మాటలు కూడ చెప్పి ఇండు: మట్టి ఆరినగాని నీరు పోయవద్దు, బిడ్డ ఊపిరి లెక్కింపక ఆకును నమ్మి ఊరకుండవద్దు.